గుమ్మడికాయ మీద మగచెయ్యి

మా ఇంట్లో బూడిద గుమ్మడికాయ కొయ్యాలంటే మగవాడు కావాలి. ముక్కలు తరగడానికి అక్కర్లేదు. ఆ ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించి, మూట కట్టి, నీరు దిగడానికి దాని మీద రుబ్బురోటి పొత్రం ఎత్తడానికీ అక్కర్లేదు. మినప్పప్పు రుబ్బడానికీ, మిట్టమధ్యాహ్నం డాబా మీద నడుం వంచి వందలకొద్దీ వడియాలు పెట్టడానికీ అసలే అక్కర్లేదు. మొదటి కోత ఒక్కటి మాత్రం మగవాడే వెయ్యాలి. ఆడది వేస్తే వంశానికి చేటట. కాయంటే బిడ్డతో సమానమట, ఆడది కత్తి పెడితే కన్న కొడుకు మీద పెట్టినట్టేనట. నాయనమ్మ చెప్పింది, అమ్మ నమ్మింది. పందొమ్మిదేళ్లు వచ్చేదాకా నేను కూడా ఎదురు ప్రశ్న వెయ్యలేదు.

నాన్న ఉన్నన్నాళ్లూ ఈ సంగతి ఎవరికీ పట్టలేదు. రాజాంలో మాకు చిన్న కిరాణా కొట్టు ఉండేది. నాన్న పొద్దున్నే కొట్టుకు వెళ్తూ, చెప్పులు వేసుకోబోయే ముందు కత్తి అందుకుని కాయ నడుమ ఒక్క వేటు వేసి వెళ్లిపోయేవారు. అక్కడి నుంచి నాలుగు రోజుల చాకిరీ అమ్మది. అయినా ఎవరైనా అడిగితే "ఈ ఏడు ఒడియాలు బాగా పెట్టించేమండి" అనేది మాత్రం నాన్నే. ఆయన మంచి మనిషి. ఆ మాటలో ఏదో తేడా ఉందని ఆయనకు తట్టలేదు, వింటున్న మాకూ తట్టలేదు.

ఆయన ఒక ఉదయం గుండె పట్టుకుని కొట్టులోనే కూలబడి, అక్కడే ప్రాణం విడిచారు. నేను డిగ్రీ రెండో ఏడులో ఉన్నాను, చెల్లి తొమ్మిదో తరగతి. కొట్టు చిన్నాన్న చేతికి వెళ్లింది. ఇల్లూ, మేం ముగ్గురం మిగిలాం. సంవత్సరీకం అయిన వారానికి చిన్నాన్న మా ఇంటికి వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, అసలు మాట బయటపెట్టాడు.

"వొదినా, మగ దిక్కు లేని ఇల్లు. ఇద్దరు ఆడగుంటలతో ఎలగుంటావు? ఈ ఇల్లు ఎవరికేనా అద్దెకిచ్చీసి మాయింటికి వచ్చీండి. ఎనక గది ఖాళీగానే ఉన్నాది."

ఆ వెనక గది నాకు బాగా తెలుసు. దాని తలుపు తీస్తే వంటగది. చిన్నాన్న ఇంట్లో ఎనిమిది మంది. పిన్నికి మోకాళ్ల నొప్పులు, పొయ్యి దగ్గర నిలబడలేదు. ఆయన మనసులో దయ లేదని నేను అనను. కానీ ఆ దయతో పాటు ఎనిమిది మందికి వంట చేసే మనిషి కూడా వస్తుందని ఆయనకు తెలుసు. అమ్మకూ తెలుసు.

"ఈ వేసంగి దాకా సూడు బాబూ. ఒడియాలు పెట్టి అమ్ముతాను. మా ముగ్గురికీ గడిస్తే ఇక్కడే ఉంటాం. గడవకపోతే నువ్వు సెప్పినట్టే" అంది అమ్మ.

అదీ ఒప్పందం. వేసవి నాటికి అమ్మ తన పొయ్యి తాను వెలిగించుకుంటూ ఉండాలి, లేదా వెనక గదికి వెళ్లాలి. నా చదువు సంగతి చిన్నాన్న నోటితో ఏమీ అనలేదు. కానీ ఆ ఇంట్లోకి వెళ్లాక కాలేజీకి పోతానంటే పంపుతారని నేను అనుకోలేదు.

అమ్మ చేతి వడియాలకు రాజాంలో పేరుంది. విశాఖపట్నంలో, హైదరాబాదులో ఉన్న పిల్లలకు పంపడానికి వీధిలోవాళ్లు ముందే చెప్పి ఉంచేవారు. చేసే ఓపిక ఉంది, కొనేవాళ్లున్నారు, డాబా నిండా ఎండ ఉంది. లేనిదల్లా మొదటి కోత వేసే మగవాడు.

సంతలోనే, కాయలమ్మే అతని చేత కోయించి తెచ్చుకోవచ్చు కదా అన్నాను. కోసిన కాయ గడప దాటి లోపలికి రాకూడదట. ఈ నియమాలు రాసినవాడెవడో ఆడవాళ్లకు ఒక్క కిటికీ కూడా వదలకుండా అన్నీ మూసుకుంటూ పోయాడు.

అందుకని కనబడిన ప్రతి మగవాడినీ బతిమాలడం మొదలైంది. గ్యాసు బండ తెచ్చిన అతను ఒకసారి కోశాడు. కరెంటు మీటరు చూసుకునే అతను ఇంకోసారి కోశాడు, పాపం చొక్కా మీద నీళ్లు చిందించుకుని మరీ. ఒక రోజు ఎవరూ దొరకలేదు. పప్పు నానుతోంది. అమ్మ ఎదురింటికి వెళ్లి వాళ్ల మనవడిని చంకనేసుకుని వచ్చింది. పది నెలలవాడు. మొలతాడు తప్ప ఒంటి మీద మరేం లేదు. వాడి పిడికిలి కత్తి పిడి మీద పెట్టి, దాని మీద తన చెయ్యి వేసి, అమ్మ కాయ కోసింది. వాడు వంటగదిలో ఉచ్చ పోసి, గుక్కపెట్టి ఏడ్చాడు.

"మగసెయ్యి పడింది కదా, సాలు" అంది అమ్మ, నేల తుడుస్తూ.

చెల్లీ నేనూ పడీపడీ నవ్వాం. తర్వాత నాకు నవ్వు ఆగిపోయింది. కత్తి నడిపింది అమ్మ చెయ్యి. బలం అమ్మది, ఒడుపు అమ్మది. పాతికేళ్లు వండిపెట్టిన ఆ చేతికి లేని అధికారం, ఇంకా పళ్లు కూడా పూర్తిగా రాని వాడికి ఎక్కడి నుంచి వచ్చింది? ఆ మాటే అడిగాను.

"నీకన్నీ ఎదురు మాటలే. పెద్దలు ఊరికే అనరు" అంది అమ్మ.

ఈ పసివాడి సంగతి చిన్నాన్న చెవిన పడింది. పరువు పోయినంత పని చేశాడు. "నేను బతికుండగా వీధిలోవోల సేత కోయిస్తావేటి వొదినా? నాకు సెప్పు, నేనొచ్చి కోస్తాను" అన్నాడు. అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. మరిదికి ఎంత అభిమానమో అనుకుంది.

అప్పటి నుంచి మా ఎండ కూడా చిన్నాన్న చేతికి వెళ్లింది. వడియాల పని తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు: కాయ ముందు రోజు సాయంత్రం కోసి మూట కట్టాలి, పప్పు అప్పుడే నానబొయ్యాలి, తెల్లారేసరికి రెండూ సిద్ధంగా ఉండాలి. ఆయనేమో వస్తానంటాడు, రాడు. మూడు వారాల్లో ఒక్కసారి వచ్చి, అమ్మ చేతికందించిన కత్తితో కోసి వెళ్లాడు; రెండుసార్లు రాలేదు. కాయ అలాగే ఉండిపోయింది, నానిన పప్పు మాత్రం ఆగదు కదా. దాంతో అమ్మ గారెలు వేసింది, మిగిలిన పిండితో అట్లు పోసింది. తండ్రి పోయిన ఇంట్లో పండగలా వరసపెట్టి గారెలు తిన్నాం. ఇప్పటికీ నాకు గారె వాసన పడదు. ఆ తర్వాత చిన్నాన్న వచ్చి, "సూసేవా వొదినా, ఒక్క కాయకే ఇంత అవస్త పడతన్నావు" అనేవాడు. అవస్థ పెట్టింది తానేనన్నది ఆ మాటలో ఎక్కడా ఉండేది కాదు. అయినా ప్రతి విడతలో మొదటి డబ్బా ఆయనింటికే వెళ్లేది.

మాఘమాసం పెళ్లిళ్లు మొదలయ్యాయి. ఒక వంట మేస్త్రి వచ్చి, పెళ్లివారింటికి పది కాయల వడియాలు కావాలన్నాడు. బాగుంటే ఆ సీజనంతా అమ్మ దగ్గరే తీసుకుంటానన్నాడు. ఇది కుదిరితే మాకు గడిచినట్టే. ఇది పోతే వెనక గదే. ఆ ముక్క మా ముగ్గురికీ తెలుసు, ఎవరం పైకి అనుకోలేదు. అమ్మ చిన్నాన్నకు ఫోన్ చేస్తే, మర్నాడు మధ్యాహ్నం తప్పకుండా వస్తానన్నాడు.

మర్నాడు రెండు పెద్ద గిన్నెల నిండా పప్పు నానబోసి, చెల్లిని వెంటబెట్టుకుని అమ్మ మిరపకాయలూ అల్లమూ తేవడానికి బజారుకు బయల్దేరింది. "సిన్నాన్న వస్తాడు, కత్తి కడిగి ఉంచు" అని చెప్పింది. కడిగి ఉంచాను. నాలుగున్నరకు ఫోన్ మోగింది.

"పాలకొండలో ఉన్నానే గుంటా, పనిబడింది. రేపు సూస్తాను. మీయమ్మకి సెప్పు" అని పెట్టేశాడు చిన్నాన్న.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పప్పు నానుతోంది. పది కాయలు గోడవారన వరసగా కూర్చుని ఉన్నాయి. ఇంట్లో కత్తి ఉంది, నేనున్నాను, నాకు రెండు చేతులున్నాయి. అమ్మ ఇంటికొచ్చి ఈ మాట విని, మళ్లీ వీధి చివరిదాకా చూస్తూ గుమ్మంలో నిలబడుతుంది. ఆ నిలబడటం నేను ఇంకొక్కసారి చూడదలుచుకోలేదు.

వీధి తలుపు వేశాను. గొళ్లెం పెట్టాను. అక్కడ నా ధైర్యం ఎంతో మీకు తెలిసిపోయే ఉంటుంది. నాన్న ఫొటో వంక చూసి, "తప్పయితే నామీదే వెయ్యి, అమ్మ మీద వద్దు" అన్నాను. వంశానికి చేటంటారు. ఏ వంశం? ఆ ఇంట్లో మిగిలిన వంశం మేం ముగ్గురమే. మేం తినడానికి కాయ కోస్తే మాకు చేటు ఎలా అవుతుంది? ఇలా నాలో నేను వాదించుకుంటూనే కత్తి రెండుసార్లు ఎత్తి దించాను. నమ్మకం తలలోంచి పోయినా చేతుల్లోంచి అంత తేలిగ్గా పోదు.

మొదటి వేటుకు కత్తి సగం దిగి ఇరుక్కుపోయింది. అటూ రాదు, ఇటూ రాదు. పొత్రం తెచ్చి కత్తి వీపు మీద రెండు దెబ్బలు వేస్తే కాయ రెండు చెక్కలైంది. లోపల తెల్లటి కండ, గింజలు, పచ్చి వాసన. అంతే. పిడుగు పడలేదు. మిగతా తొమ్మిదీ కోసేసరికి భుజం పట్టేసింది, ఒళ్లంతా బూడిద. అమ్మ వచ్చేసరికి సగం ముక్కలు కూడా తరిగేశాను.

"వచ్చేడా?" అంది అమ్మ గుమ్మంలోంచే.

"వచ్చి కోసీసి ఎల్లిపోయేడు" అన్నాను.

"నీళ్లేనా తాగేడా?"

"టైము లేదన్నాడు."

అమ్మ సంచి కింద పెట్టి, నాన్న ఫొటోకు దణ్ణం పెట్టుకుంది. "ఎంతయినా మన రక్తం" అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది. మిగిలిన ముక్కలు తరుగుతూ కూర్చున్నాను.

మర్నాడు పొద్దున్నే పిండి కలిపి వడియాలు పెట్టాం. పదకొండింటికి మబ్బు పట్టింది. మాఘమాసంలో ఎన్నడూ లేనిది జల్లు పడింది. బట్టలతో సహా వడియాలను ఈడ్చుకుంటూ గదుల్లోకి తెచ్చి, మంచాల మీదా నేల మీదా పరిచి ఫ్యాన్లు తిప్పాం. "ఏ తప్పు జరిగిందో ఏటో" అని అమ్మ లెంపలు వేసుకుంది. చెప్పేద్దామని రెండుసార్లు వంటగదిదాకా వెళ్లి వెనక్కి వచ్చాను. చదువుకున్నదాన్ని, వాన ఎందుకు పడుతుందో పరీక్షలో రాసినదాన్ని, ఆ రోజంతా నావల్లే పడిందని భయపడ్డాను. దానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

మూడో రోజు నుంచి ఎండ కాసింది. బాగా ఎండాక బట్ట వెనక నీళ్లు చిలకరించి ఒలిస్తే వడియాలు ఒక్కటి కూడా విరక్కుండా ఊడి వచ్చాయి. నూనెలో వేస్తే పువ్వుల్లా విచ్చుకున్నాయి. పెళ్లి బాగా జరిగింది. వంట మేస్త్రి మళ్లీ వచ్చాడు. ఆ సీజన్లో ఇంకో రెండుసార్లు పెద్ద ఎత్తున పెట్టాం, చిన్నాన్నకు ఫోన్ నేనే చేస్తానని అమ్మతో అని, రెండుసార్లూ ఆమె బజారుకు వెళ్లినప్పుడు నేనే కోశాను, రెండుసార్లూ చిన్నాన్న వచ్చి కోశాడని చెప్పాను. ఆయనకు శ్రమ ఇస్తున్నామని అమ్మ నొచ్చుకుని, ఇంకో డబ్బా అదనంగా పంపింది.

చైత్రంలో చిన్నాన్న మమ్మల్ని భోజనానికి పిలిచాడు. ఎందుకో తెలుస్తూనే ఉంది. మగవాళ్లు ముందు కూర్చున్నారు. పిన్నీ అమ్మా నేనూ వడ్డిస్తున్నాం. చెల్లి మంచినీళ్లు పోస్తోంది. పప్పుచారు, మా ఇంటి వడియాలు. చిన్నాన్న మూడోసారి అడిగి పెట్టించుకున్నాడు.

"ఇన్ని పనుల్లోనూ పెళ్లి ఒడియాలకి మూడుసార్లూ వచ్చి కోసేవు బాబూ. నీ సెయ్యి పడబట్టి ఒడియాలు ఇలగ వచ్చేయి. నీ మేలు మరవను" అంది అమ్మ.

ఇప్పుడు ఆయన "నేనెప్పుడొచ్చేను?" అంటాడు, నా పని అయిపోయింది అనుకున్నాను. చిన్నాన్న చెయ్యి కంచం మీద ఒక్క క్షణం ఆగింది. అమ్మ వంక చూశాడు. నా వంక చూశాడు. తర్వాత అన్నం కలుపుకున్నాడు.

"మరేటి వొదినా, మన పని కదా. మగసెయ్యి పడ్డ ఒడియమే వేరు. ఎలగ గుల్లగా ఉన్నాయో సూడు" అన్నాడు. ఆగకుండా, "అదే నేను సెప్తన్నాను. కాయకాయకీ నేను పరిగెత్తుకుని రావాలంటే ఎన్నాళ్లని రాగలను? నేను లేకపోతే నీకు ఒక్క పూట సాగదు కదా. ఎనక గదికి సున్నం కొట్టించీసేను. మంచి రోజు సూసి వచ్చీండి" అన్నాడు.

అమ్మ తల వంచుకుంది. తల వంచుకుని ఆమె "సరే" అనడం నాకు తెలుసు, నాన్న దగ్గర వందసార్లు విన్నాను. ఆ "సరే" ఆమె పెదవి దాకా వచ్చింది.

అప్పుడు నాకు వచ్చిన కోపం సగం ఆయన మీద, సగం నా మీద. ఆయన దొంగిలించాడని ఎలా అనను? అప్పజెప్పింది నేనే. నాన్న "పెట్టించేమండి" అన్నప్పుడు, అమ్మ పసివాడి పిడికిలి మీద చెయ్యి వేసినప్పుడు, నేను గొళ్లెం పెట్టుకుని కోసినప్పుడు జరిగింది ఒకటే. పని మాది, పేరు మగవాడిది. తేడా ఏమంటే, నేను తెలిసి చేశాను. చారు గిన్నె కింద పెట్టాను.

"ఏ రోజు వచ్చేవు సిన్నాన్నా?"

"ఏటే?"

"మూడుసార్లు కోసేవు కదా. ఒక్కసారేనా ఏ రోజో సెప్పు. కాయలెన్ని ఉన్నాయి? మాయింట్లో కత్తి ఏ మూలుంటాదో సెప్పు."

"గుంటా, పెద్దోలు మాటాడతంటే..." అంటూ ఆయన పిన్ని వంక చూశాడు, ఆమేదో అందుకుంటుందన్నట్టు. పిన్ని గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

"నువ్వు పాలకొండ నుంచి ఫోన్ సేసేవు. రేపు సూస్తానన్నావు. ఆ రేపు రానే లేదు. కాయలన్నీ నేనే కోసేను. మొదటి కోత నుంచి ఆకరి ముక్క దాకా నేనే."

ఆయన చేతిలో సగం కొరికిన వడియం ఉంది. దాన్ని ఏం చెయ్యాలో ఆయనకు తోచలేదు. "ఆడగుంట కోసిన కాయా! ఓలమ్మ, ఇంటిల్లిపాదీ తినీసేం కదే!" అన్నాడు.

"పెళ్లోరు కూడా తినీసేరు సిన్నాన్నా. ఆల్లకేటీ అవ్వలేదు" అంది చెల్లి, మంచినీళ్ల చెంబు పట్టుకుని.

అమ్మ నా చెంప పగలగొడుతుందనుకున్నాను. ఆమె నన్ను ఒకటే అడిగింది. "మూడుసార్లూ నువ్వేనా?" నేనేనన్నాను. ఆమె చిన్నాన్న వైపు తిరిగింది.

"నువ్వు రాలేదా బాబూ?"

"అది కాదు వొదినా, నువ్వలగ అన్నావు కదాని..."

"రాలేదు కదా."

ఆయన వడియాన్ని కంచం అంచున పెట్టేశాడు. అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. "గది బాగున్నాది. ఎవరికేనా అద్దెకిచ్చీ" అంది. మేం అన్నం తినకుండానే వచ్చేశాం.

ఇంటికొచ్చాక అమ్మ నన్ను దులిపేసింది. "కాయ కోసినందుక్కాదు. నా సేత ఆడికి దణ్ణాలు పెట్టించేవు. అబద్దానికి దణ్ణాలు పెట్టేను నేను" అంది.

రెండు రోజులకు అమ్మ తానే సంతకు వెళ్లి, ఉన్నవాటిలో పెద్ద కాయ తెచ్చింది. వీధి తలుపు బార్లా తీసి, గుమ్మానికి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. నేను కోస్తానంటే ఊరుకోమంది. ఎదురింటావిడ మనవణ్ణి ఎత్తుకుని బయటికొచ్చి, "పిల్లోణ్ణి తేమంటావేటి?" అని కేకేసింది. "వొద్దు, ఆణ్ణి ఆడుకోనీ" అంది అమ్మ. కళ్లు మూసుకుని వేసిన మొదటి వేటు వంకరగా పడింది. రెండోది కళ్లు తెరిచి వేసింది.

మేం ఎక్కడికీ వెళ్లలేదు. నేను డిగ్రీ పూర్తి చేశాను, ఆ పైనా చదివాను, ఇప్పుడు విజయనగరంలో పాఠాలు చెబుతున్నాను. అమ్మ ఆ ఇంట్లోనే, ఆ పొయ్యి దగ్గరే ఉంది. చిన్నాన్న ఒక ఏడాది మాతో మాట్లాడలేదు.

ఆ మరుసటి వేసవిలో, నేనింకా ఇంట్లో ఉన్నప్పుడు, ఒక మధ్యాహ్నం పిన్ని వచ్చింది. చేతిలో గుడ్డ సంచి, దాని మీద కొంగు కప్పి ఉంది. లోపలికొచ్చి కొంగు తీస్తే గుమ్మడికాయ.

"అక్కా, మీ మరిది ఇశాపట్నం ఎల్లేరు. పప్పు నానబోసీసేను. ఎవరూ దొరకలేదు. నీ సేత్తో ఒక్క కోత వేసియ్యవా?" అంది గొంతు తగ్గించి.

అమ్మ ఆ కాయను అటూ ఇటూ తిప్పి చూసింది. "కోసిన కాయ నీ గడప ఎలగ దాటిస్తావే?" అంది. పిన్ని తడబడింది, అంత దూరం ఆలోచించలేదు. అమ్మ నవ్వింది. కత్తి తెచ్చి పిన్ని ముందు పెట్టింది.

"నా సెయ్యి మాత్రం మగసెయ్యేటి? కూకో. నువ్వే కొయ్యి."

పిన్ని కత్తి వంక చూసింది, వీధి వంక చూసింది. ఆ చూపు నాకు తెలుసు. అందుకే తలుపు వెయ్యబోయాను.

"వెయ్యకు. తీసే ఉంచు" అంది అమ్మ.

పిన్ని కొంగు నడుముకు దోపుకుని, మోకాళ్లు పట్టుకుంటూ కింద కూర్చుంది.